ఆ పది నిమిషాలు జాగ్రత్త, అమ్మలూ

అమ్మలూ,

మీ అమ్మ నిన్న రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "నీ మేనకోడలు కార్డిఫ్‌లో హత్యల కథ రాస్తోందట్రా, కాస్త కనుక్కో" అంది. అగాథా క్రిస్టీ 'రోజర్ అక్రాయిడ్' నవలని టీవీకి మళ్లీ రాస్తున్నావని తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. సంతోషం సగం, టెన్షన్ సగం.

మామూలు సంగతులు ముందు. నవల రెండుసార్లు చదువు, రెండోసారి పెన్సిల్‌తో. తేదీలు, టైములు గోడకి అంటించుకో. క్లాసు కోసం రాసింది క్లాసులోనే ఉంచు, క్రిస్టీ పోయింది 1976లో, బ్రిటన్‌లో హక్కులు 2046 చివరిదాకా ఉంటాయి. యూట్యూబ్‌లో పెట్టావంటే ఊరుకోను. వేళకి తిను.

ఇక అసలు సంగతి. హంతకుడే కథ చెప్తాడు, అయినా మనకి చెప్పేటప్పుడు ఆ డాక్టర్ షెపర్డ్ ఎక్కడా అబద్ధం ఆడడు, చూశావా? ఉత్తరాలు తొమ్మిదికి ఇరవై తక్కువకి వచ్చాయంటాడు, తను అక్రాయిడ్ గదిలోంచి బయటికొచ్చింది తొమ్మిదికి పది తక్కువకి అంటాడు. మధ్యలో పది నిమిషాలు ఏం చేశాడో, అంటే అక్రాయిడ్‌ని చంపాడని, చెప్పడు, అంతే. పుస్తకంలో అది ఒక్క వాక్యంలో దాటిపోతుంది. కెమెరా ఎలా దాటుతుంది? గదిలోనే ఉంటే చూపించాలి, బయట నిలబడితే ఎందుకు నిలబడిందో జనానికి అనుమానం రాకూడదు. 2000లో వచ్చిన డేవిడ్ సూషే సినిమాలో డిటెక్టివ్ పొయిరో చేత షెపర్డ్ డైరీ చదివించారు, తెలివైన పనే. చివర్లో ఆ ఫ్యాక్టరీలో పరుగులు, తుపాకులు మాత్రం నాకు నచ్చలేదు. ఆ పాపం డాక్టర్‌ది కాదు, టీవీది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే... మీ అమ్మకి కూడా తెలియని సంగతి ఒకటుంది. నేను కొత్తగా ఎడిటర్ అయినప్పుడు పదమూడు వారాల మిస్టరీ సీరియల్ ఒకటి చేశాను. పదకొండో ఎపిసోడ్ నలభై సెకన్లు ఎక్కువొచ్చింది. అర్ధరాత్రి, డైరెక్టర్ ఇంటికెళ్లిపోయాడు, ఉదయం ఆరింటికి టేపు వెళ్లాలి. అక్కడో కన్నీళ్లు, ఇక్కడో నడక కత్తిరించాను, ఇంకా నాలుగు సెకన్లు మిగిలాయి. వంటింట్లో ఒకావిడ క్యాలెండర్ వెనక మేకుకి తాళంచెవి తగిలించే షాట్ ఉంది. మాటల్లేవు, మ్యూజిక్ లేదు. తీసేశాను.

మర్నాడు ఆ కథ రాసిన పెద్దాయన ఫోన్ చేసి "మేకు షాట్ ఉందా బాబూ?" అన్నాడు. "ఉంది సార్" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు, నిద్ర లేదు, భయం. అప్పుడే చెప్పి ఉంటే పన్నెండో దాంట్లో ఎక్కడో ఇరికించేవాళ్లం. పదమూడో వారం హీరో "తాళంచెవి ఇన్నాళ్లూ క్యాలెండర్ వెనకే ఉంది" అని గొప్పగా అంటుంటే, మీ అమ్మమ్మ చింతపండు పిక్కలు తీస్తూ తలెత్తి, "ఏ క్యాలెండర్ రా? మాకెప్పుడు చూపించారు?" అంది. తిట్టినా బాగుండేది. ఆ పెద్దాయన మళ్లీ నాకు ఫోన్ చెయ్యలేదు. షెపర్డ్ వదిలేశాడంతే, నేను వదిలేసి అబద్ధం కూడా ఆడాను.

అందుకే చెప్తున్నా, అక్రాయిడ్ గదిలో చోటు మారిన కుర్చీ షాట్‌ని ఎవరో "స్లోగా ఉంది, తీసెయ్" అంటారు. తియ్యకు. డిక్టాఫోన్, అదే మాటలు రికార్డు చేసి వినిపించే యంత్రం, బల్ల మీద ఉందని గుమ్మంలో నిలబడ్డవాళ్లకి కనబడకుండా చేసింది ఆ కుర్చీయే కదా. గొడవపడు, ఏడుపొస్తే నాకు ఫోన్ చెయ్యి, అక్కడ ఎంతైనా సరే.

ఇంకోటి, డాక్టర్ అక్క కారొలైన్‌ని చిన్నది చెయ్యకు. 1928లో ఈ కథని నాటకం వేసినప్పుడు ఆవిడని తీసేసి పడుచుపిల్లని పెట్టారని రచయిత్రికి ఒళ్లు మండింది. తన ఇంకో డిటెక్టివ్ మిస్ మార్పుల్‌కి కారొలైనే మూలమై ఉండొచ్చని క్రిస్టీయే తర్వాత రాసుకుంది. గుమ్మం దాటకుండా ఊరంతా తెలుసుకునే మనిషి, మన ఇంట్లోనూ ఒకరున్నారు కదా, మాటలకి వెతుక్కోనక్కర్లేదు నీకు.

రాసింది రాసినట్టు పంపు. బాగోకపోయినా పంపు, నేను రాసినవాటికంటే బాగానే ఉంటుంది. ఈ ఉత్తరం మాత్రం మీ అమ్మకి చూపించకు. చంపిందెవరో చెప్పమని పొద్దుట్నుంచి మూడుసార్లు ఫోన్ చేసింది.

మీ మామయ్య