డాక్టర్ సలహా: కళ్ళజోడు కొనడానికి స్టూడెంట్స్‌కి సాయం దొరుకుతుందా?

ప్రశ్న: సార్, నాకు 19 ఏళ్ళు, కావలిలో డిగ్రీ సెకండియర్. ఏడాదిన్నరలో సైట్ మైనస్ 3 నుంచి మైనస్ 5కి పోయింది, సిలిండర్ (కంటి వంపులో తేడాకి ఇచ్చే పవర్) 1 ఉండేది 2.5 అయింది. కళ్ళద్దాల షాపులో కంప్యూటర్ మీద చూసి కొత్త జోడుకి 5,800 అన్నారు. నాన్న రొయ్యల గుంటల దగ్గర పని చేస్తారు, అంత పెట్టలేం. స్టూడెంట్స్‌కి ఏమన్నా స్కీం ఉందా? కళ్ళు బాగా దురద పెడతాయి, మెడికల్ షాపులో ఇచ్చిన డ్రాప్స్ వేసుకుంటే హాయిగా ఉంటుంది, నాలుగు నెలల నుంచి అవే వాడుతున్నా. మా తమ్ముడు ఊళ్ళో జెడ్పీ హైస్కూల్లో తొమ్మిదో తరగతి, వాడికీ బోర్డు సరిగ్గా కనపడట్లేదంట.

జవాబు: డబ్బు సంగతి చెప్తానమ్మా, కానీ మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది ఆ 5,800 కాదు, ఆ డ్రాప్స్. నాలుగు నెలలు! ఎవరు రాసిచ్చారు? షాపులో కౌంటర్ దగ్గర నిలబడిన అబ్బాయి ఇచ్చాడు, అంతేగా. ఇప్పుడే ఆ సీసా తీసుకుని లేబుల్ మీద చిన్న అక్షరాలు చదవండి. డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసోలోన్, ఫ్లోరోమెథోలోన్, వీటిలో ఏది కనపడినా అది స్టెరాయిడ్. వేస్తే తొందరగానే దురద తగ్గుతుంది, ఎరుపు తగ్గుతుంది, అందుకే జనానికి అంత నమ్మకం. కొంతమందికి అదే మందు వారాల తరబడి వాడితే కంట్లో ప్రెషర్ పెరిగి నీటికాసులు (గ్లకోమా) వస్తాయి, ఇంకొంతమందికి చిన్న వయసులోనే శుక్లాలు. ఇట్టాంటి నీటికాసుల్లో మామూలుగా నొప్పి ఉండదు, ఎదురుగా చూపు బాగానే ఉంటుంది, పక్క చూపు కొంచెం కొంచెంగా పోతూ ఉంటుంది, మనిషికి తెలిసేసరికి చాలా పోయి ఉంటుంది, పోయింది మళ్ళీ రాదు. శుక్లం అయితే ఆపరేషన్ చేసి లెన్స్ పెడతాం, నీటికాసులకి ఆ అవకాశం లేదు. మీకు అట్టా అయిందని నేను చూడకుండా చెప్పలేను, కాకపోవచ్చు కూడా. కానీ ప్రెషర్ కొలిపించకుండా ఇంకో సీసా మాత్రం కొనొద్దు. ఉన్న సీసాని పారేయకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి, పేరు మర్చిపోయి "తెల్ల మూత డ్రాప్స్ సార్" అంటే మాకేం అర్థం కాదు.

రెండోది, మీరు కళ్ళు నలుపుతున్నారా? రాయలేదు గానీ దురద ఉన్నవాళ్ళు నలపకుండా ఉండరు. మన దగ్గర ఎండాకాలం దుమ్ముకి ఎలర్జీ కళ్ళు చాలా మందికి ఉంటాయి, పిడికిలి బిగించి కళ్ళు రుద్దుకుంటుంటారు. ఏళ్ళ తరబడి అట్టా రుద్దితే కొంతమందిలో కార్నియా, అంటే నల్లగుడ్డు మీదుండే అద్దం లాంటి పొర, పల్చబడి ముందుకు పొడుచుకొస్తుంది, దాన్ని కెరటోకోనస్ అంటాం. 19 ఏళ్ళప్పుడు సైట్ ఇంకా పెరగడం వింతేం కాదు, కానీ సిలిండర్ 1 నుంచి 2.5కి పోయిందంటే నేనైతే ముందు అదే అనుమానిస్తాను. కార్నియా ఆకారం చూసే టోపోగ్రఫీ స్కాన్ చేస్తే తేలిపోతుంది. ఉంటే క్రాస్ లింకింగ్ అనే చికిత్సతో ఎక్కువ మందిలో పెరగకుండా ఆపొచ్చు, తొందరగా వస్తేనే. ఇది తేలకముందే 5,800 పెట్టి జోడు కొంటే ఆరు నెలలకి మళ్ళీ పవర్ మారి ఆ డబ్బు నీళ్ళపాలు. షాపులో కంప్యూటర్ పవర్ అంచనా చెప్తుంది, జబ్బు చెప్పదు. దురదకి ఈలోపు చన్నీళ్ళలో ముంచిన శుభ్రమైన గుడ్డ పెట్టుకోండి, నలపడం మానండి, మిగతా మందు చూసినవాళ్ళు రాయాలి.

ఇంకొకటి. కంట్లో మెరుపులు మెరిసినా, ఒక్కసారిగా నల్ల చుక్కలు ఎక్కువైనా, పక్కనుంచి తెర దించినట్టు నీడ వచ్చినా ఆ రోజే వెళ్ళాలి, పరీక్షలున్నా సరే. మైనస్ పవర్ ఎక్కువున్న కళ్ళలో రెటీనా, అంటే కంటి వెనకాల ఉండే చూపు పొర, చిరిగే అవకాశం ఉంటుంది.

ఎక్కడికి వెళ్ళాలంటే, నెల్లూరు దర్గామిట్టలో ప్రభుత్వ పెద్దాసుపత్రి కంటి ఓపీకి వెళ్ళండి. ఒంగోలు వైపు వీలయితే అక్కడి ప్రభుత్వాసుపత్రి రిమ్స్. ప్రెషర్, రెటీనా, పవర్ అన్నీ చూస్తారు, బయట కన్సల్టేషన్ ఫీజు పెట్టుకోనక్కర్లేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఫ్రీయే కదా, ఆధార్ పెట్టుకుని ఎక్కేయండి. కార్నియా స్కాన్ కోసం పెద్ద సెంటర్‌కి పంపితే తిరుపతిలో అరవింద్, గుంటూరు దగ్గర పెదకాకానిలో శంకర, విజయవాడ తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రులున్నాయి, మూడు చోట్లా డబ్బు లేనివాళ్ళని చూసే పద్ధతి ఉంది. సిగ్గుపడకుండా రిసెప్షన్‌లోనే మీ ఇంటి పరిస్థితి చెప్పండి, రేషన్ కార్డు తీసుకెళ్ళండి.

ఇక జోడు. కేంద్రం అంధత్వ నివారణ కార్యక్రమం 1976 నుంచి ఉంది, దాని కింద ఉచిత అద్దాలు ప్రధానంగా స్కూలు పిల్లలకి. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే, అంటే పిల్లల ఆరోగ్య పరీక్షల కార్యక్రమం, 18 ఏళ్ళ వరకే. అంటే మీరు దాటిపోయారు, మీ తమ్ముడు దాటలేదు. వాడి హెడ్మాస్టర్‌ని అడిగి ఆర్‌బీఎస్‌కే టీం వచ్చినప్పుడు చూపించమనండి, ఆలస్యమయ్యేట్టుంటే మీతో పాటే నెల్లూరు తీసుకెళ్ళండి, తొమ్మిదో తరగతిలో బోర్డు కనపడకుండా సంవత్సరం పోగొట్టుకోకూడదు. మీ విషయానికొస్తే, ఫీజు రీయింబర్స్‌మెంట్‌లో కళ్ళజోడుకంటూ విడిగా డబ్బులుండవు. పెద్దాసుపత్రి కంటి విభాగంలో ఉచిత అద్దాలు ఏమన్నా ఉన్నాయా అని అడగండి, ఇస్తారని నేను మాట ఇవ్వలేను. ప్రభుత్వ డాక్టర్ రాసిన చీటీ చేతిలో ఉంటే లయన్స్ క్లబ్ వాళ్ళనో రెడ్ క్రాస్ వాళ్ళనో అడగడం తేలిక, కాలేజీ ఎన్ఎస్ఎస్ లెక్చరర్ గారితో ఒక లెటర్ రాయించుకోండి. ఒకవేళ ఆపరేషన్ లాంటిది అవసరమైతే ఎన్టీఆర్ వైద్య సేవ అనే ఉచిత వైద్యం పథకంలో వస్తుందేమో ఆసుపత్రిలో ఆ పథకం వాళ్ళని అడగండి.

అసలు 5,800 ఎందుకయిందో బిల్లు విడదీసి చెప్పమనండి. బ్లూ కట్ అని, నీలి కాంతిని ఆపే పూత, కలిపి ఉంటారు, అది తీసేయమనండి, కళ్ళ అలసట దానితో తగ్గుతుందనడానికి గట్టి ఆధారం లేదు. మీ పాత ఫ్రేం బాగుంటే అద్దాలు మాత్రం మార్చుకోవచ్చు. కొత్తదయితే చిన్న ఫ్రేం తీసుకోండి, మైనస్ అద్దం అంచుల్లోనే లావు కాబట్టి ఫ్రేం చిన్నదైతే మామూలు ప్లాస్టిక్ అద్దమే సరిపోతుంది, పల్చటి ఖరీదైన అద్దం అక్కర్లేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి పవర్ జోళ్ళ మీద జీఎస్టీ కూడా 12 నుంచి 5 శాతానికి తగ్గింది, బిల్లులో చూసుకోండి. ఫ్రెండ్ జోడు పెట్టుకుని సర్దుకోవడం మాత్రం వద్దు.

ఆసుపత్రిలో కంటిపాప పెద్దదవడానికి చుక్కలు వేస్తారు, కొన్ని గంటలు దగ్గరివి మసగ్గా కనపడతాయి, ఎండ పడదు. మర్నాడు కాలేజీలో పరీక్ష ఉంటే ఆ రోజు ఆసుపత్రి పని పెట్టుకోకండి, అమ్మనో నాన్ననో తోడు తీసుకెళ్ళండి, పాత జోడు, పాత పవర్ చీటీలు అన్నీ సంచిలో వేసుకోండి, పవర్ ఎంత వేగంగా మారిందో డాక్టర్‌కి వాటిలోనే తెలుస్తుంది.