పద్యాలు పోలేదు, ఫాంటే లేదు

విజయవాడ గవర్నరుపేటలో చాలా ఏళ్ల కిందట డీటీపీ చేయించిన మీ నాన్నగారి పద్యాల ఫైలు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, పిచ్చి గుర్తులు కనిపిస్తున్నాయని రాశారు. కంగారు పడకండి, అది బహుశా ‘అను’ అనే పాత తెలుగు ఫాంటులో కూర్చినది. అలాంటి పాత ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల చోటునే తెలుగు రూపాలు పెట్టేవారు. ఫాంటు లేని కంప్యూటరులో అడుగున ఉన్న గుర్తులే బయటపడతాయి. ప్రతి భాష అక్షరాలకూ వేరే సంఖ్యలిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో తెలుగుకు విడిగా 128 స్థానాలున్నాయి కాబట్టి ఈ బాధ లేదు.

ముందు ఫైలుకు నకలు తీసి పెట్టుకోండి. పేజ్‌మేకర్ ఫైలైతే, ఆ సాఫ్ట్‌వేర్ ఇంకా ఉంచుకున్న డీటీపీ వారి దగ్గర పాఠం బయటికి తీయించండి. తర్వాత అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టరులో వేయండి. అను 6, అను 7 అనే వెర్షన్లలో మీ ఫైలు దేనిదో సరిగా ఎంచుకోవాలి.

మా మేనమామ శతకం మార్చినప్పుడు ‘శ్రీ’ బాగానే వచ్చింది, ‘స్త్రీ’లో తావత్తు పక్క అక్షరానికి అంటుకుంది. అందుకే అచ్చు ప్రతి పక్కన పెట్టుకుని ప్రతి పాదమూ చదవండి. ఛందస్సులో ఒక్క వత్తు పోయినా గణం (గురులఘువుల కూర్పు) తప్పవచ్చు. ఆ పని మాత్రం యంత్రానికి వదలొద్దండి. సరిచూశాక లిబ్రేఆఫీసు అనే రాత సాఫ్ట్‌వేరులో, ఉచితంగా దొరికే మండలి ఫాంటులో దాచుకోండి.