షైలాక్ అంటే వడ్డీ వ్యాపారేనా?

సందేహం: మా ఊళ్లో రోజువడ్డీకి అప్పులిచ్చే ఒకాయన మీద కథ రాసి, 'మా ఊరి షైలాక్' అని పేరు పెట్టాను. అమెరికాలో ఉంటున్న మా అమ్మాయి చదివి, ఆ మాట యూదులకు తిట్టుతో సమానం, తీసెయ్యమంది. పేపర్లలో ఎన్నోసార్లు చూసిన మాటే కదా, తెలుగులో దానికి ఆ అర్థం ఉందా? బహువచనం షైలాకులా, షైలాక్‌లా? – ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: చిన్న ప్రశ్న ముందు తేల్చేద్దాం. షైలాకులు అనడమే మన నోటికి దగ్గర. వ్యాకరణం వరకు అందులో తప్పు లేదమ్మా. తప్పు వేరేచోట ఉంది. షైలాక్ అంటే షేక్‌స్పియర్ రాసిన 'వెనిస్ వర్తకుడు' నాటకంలో అప్పులిచ్చే యూదుడు.

మనకు వడ్డి ఉంది. ఇది సంస్కృత వృద్ధి ప్రాకృతం మీదుగా అరిగి మన దగ్గరికి వచ్చిన రూపం. వృద్ధి, వడ్ఢి, వడ్డి. సంస్కృతంలో చక్రవృద్ధి అన్నదే మన చక్రవడ్డీ. పెరిగేది అని తప్ప ఆ మాటలో వేరే నింద లేదు. తిరుమల దేవుణ్ణే వడ్డికాసులవాడని పిలుచుకున్న జాతి మనది. సుమతీ శతకం చూడండి:

అప్పిచ్చువాడు, వైద్యుడు,
నెప్పుడు నెడతెగక పారు నేరును, ద్విజుడున్
చొప్పడిన యూర నుండుము
చొప్పడకున్నట్టి యూరు చొరకుము సుమతీ!

ఈ పద్యాన్ని చిన్నప్పుడు అందరం బట్టీపట్టాం, ఎవరూ ఆగి చూడరు. ఊరు కాపురానికి పనికొస్తుందో లేదో చెప్పడానికి కవి నలుగురిని లెక్కపెట్టాడు. అందులో మొదటివాడు అప్పిచ్చేవాడు. వైద్యుడి కన్నా ముందు, ఏటి కన్నా ముందు! విత్తనాలకు, పెళ్లికి, చావుకు చేతిలో డబ్బు లేని రైతు బతుకు తెలిసినవాడు రాసిన పద్యం ఇది. అప్పిచ్చేవాడు చెడ్డవాడైతే తిట్టడానికి కూడా మన దగ్గర మాటలకు కరువు లేదు. జలగ అంటాం, పీక్కుతినేవాడంటాం, ముక్కుపిండి వసూలు చేశాడంటాం. ఇవన్నీ చేసిన పనిని తిట్టే మాటలు. వాడి కులాన్నో మతాన్నో తిట్టేవి కావు.

ఇప్పుడు యూదుల భాష సంగతి. హీబ్రూలో వడ్డీకి పాతకాలం నుంచి రెండు మాటలున్నాయి. ఒకటి తర్బిత్. పెరుగుదల అని దాని అర్థం, అచ్చం మన వృద్ధిలాగే. అరబ్బీ రిబా కూడా ఆ కుదురులోదే. రెండోది నెషెఖ్. అంటే కాటు! పాము కరిచిందని చెప్పడానికి వాడే ధాతువు నుంచే ఆ మాట పుట్టింది. బైబిల్లోని లేవీయకాండం 25వ అధ్యాయంలో ఈ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. చితికిపోయిన నీ సోదరుడి దగ్గర వడ్డీ తీసుకోవద్దని అక్కడి ఆజ్ఞ. పరాయివాడి దగ్గర తీసుకోవచ్చని ద్వితీయోపదేశకాండం సందు ఇచ్చిన మాటా నిజమే. అయినా వడ్డీకి కాటు అని పేరు పెట్టుకున్న జాతిని పట్టుకుని, వడ్డీ అంటేనే యూదుడు అని లోకం ముద్ర వేసింది. నన్ను ఎప్పుడూ బాధపెట్టే సంగతి ఇది.

ఆ ముద్ర ఎలా పడింది? మధ్యయుగపు ఐరోపాలో వడ్డీ తీసుకోవడం పాపమని చర్చి క్రైస్తవులను కట్టడి చేసింది. చాలా చోట్ల యూదులకు భూమి దక్కనివ్వలేదు, చేతిపనివాళ్ల సంఘాల్లో చేరనివ్వలేదు. మిగిలిన కొద్ది దారుల్లో అప్పులివ్వడం ఒకటి. రాజులు వాళ్ల దగ్గర డబ్బు పిండుకున్నారు, జనం కోపం మాత్రం వాళ్ల మీదికి మళ్లింది. ఇంగ్లండు 1290లో యూదులందర్నీ వెళ్లగొట్టింది. తర్వాత మూడు వందల ఏళ్లకు షేక్‌స్పియర్ షైలాక్‌ను సృష్టించేనాటికి ఆ దేశంలో బయటపడి యూదుడిగా బతికే వీలే లేదు.

ఆ నాటకాన్ని శ్రద్ధగా చదివితే ఇంకో సంగతి తెలుస్తుంది. కథకు ముడి వేసిన ఆ అప్పు మూడు వేల డకట్లనే నాణేలు, గడువు మూడు నెలలు. దానికి షైలాక్ వడ్డీయే అడగలేదు! గడువుకు తీర్చకపోతే, పత్రం రాసిచ్చిన ఆంటోనియో ఒంట్లోంచి మాంసం ముక్క అడిగాడు. తన మీద ఉమ్మినవాళ్ల మీద పగ అది. నాటకం పేరులోని వెనిస్ వర్తకుడు కూడా షైలాక్ కాదు, ఆంటోనియో. న్యాయస్థానంలో షైలాక్ వేసిన ప్రశ్న ఒకటుంది: మీరు డబ్బిచ్చి కొన్న బానిసలు మీ సొత్తు అంటారే, నేను కొన్న మాంసం నాది ఎందుకు కాదు? దానికి ఎవరూ జవాబు చెప్పరు. అతని కోరిక క్రూరమైనదే, కానీ ప్రశ్న తప్పు కాదు. మన హెడ్డింగులు రాసేవాళ్లు ఆ పాత్రలోంచి డబ్బుసంచి ఒక్కటే తీసుకుని, మనిషిని వదిలేశారు. 2015లో విజయవాడ కాల్‌మనీ గొడవల్లాంటివి రాయాల్సి వస్తే జలగలు అన్న మాట ఉండగా వెనిస్ దాకా పోవడం దేనికి? ఇది బద్ధకం తప్ప భాషాజ్ఞానం కాదు.

మీ ఉత్తరం చూడగానే నాకు ఇంకో పాఠకురాలి ఉత్తరం గుర్తొచ్చింది. 1863లో ఎలైజా డేవిస్ అనే యూదు మహిళ చార్లెస్ డికెన్స్‌కు రాసింది. అంతకు మూడేళ్ల ముందు ఆమె భర్త డికెన్స్ లండన్ ఇంటిని కొన్నాడు. ఆలివర్ ట్విస్ట్‌లో దొంగల గురువు ఫాగిన్‌ను చూపించిన తీరు తన జాతికి అన్యాయం చేసిందని ఆమె బాధ. నవలలో సైక్స్ కూడా దొంగే, పైగా హంతకుడు. అతన్ని ఎక్కడా 'ఆ క్రైస్తవుడు' అనలేదు. ఫాగిన్‌ను మాత్రం మాటిమాటికీ 'ఆ యూదుడు' అన్నాడు రచయిత. డికెన్స్ మొదట తనను సమర్థించుకున్నాడు. తర్వాత 1864, 65ల్లో వచ్చిన నవలలో రియా అనే మంచి యూదుణ్ణి పెట్టాడు. ఇక్కడే ఆ పాత ముద్ర తిరగబడింది. క్రైస్తవుడైన యజమాని అప్పులవాళ్లను పిండుతుంటాడు, చెడ్డపేరు మాత్రం అతని కింద పనిచేసే రియా మోస్తాడు. 1867 నాటి ముద్రణలో ఫాగిన్ విషయంలో 'ఆ యూదుడు' అన్న మాటను చాలా చోట్ల తీసేశాడు డికెన్స్. ఎలైజా ఆయనకు హీబ్రూ బైబిల్ కానుకగా ఇచ్చింది. ఒక్క పాఠకురాలి ఉత్తరంతో ఇంత జరిగింది.

మీ అమ్మాయి మాటకు ఆధారం ఈ కాలంలోనూ ఉంది. 2014లో అమెరికా ఉపాధ్యక్షుడు జో బైడెన్, సైనికులకు అన్యాయపు అప్పులు అంటగట్టినవాళ్లను షైలాకులు అన్నారు. యాంటీ డిఫమేషన్ లీగ్ అనే యూదు సంస్థ అభ్యంతరం చెప్పింది. మాట సరిగా ఎంచుకోలేదని ఆయన ఒప్పుకున్నారు.

తెలుగులో ఆ మాటకు ద్వేషం లేదు కదా అని మీరనొచ్చు. రాసేవాళ్లలో చాలామందికి షైలాక్ యూదుడన్న ధ్యాసే ఉండదు, నిజమే. కానీ తెలుగు మాట్లాడే యూదులూ ఉన్నారమ్మా. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తమను ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయీము సంతతి అని చెప్పుకునే కుటుంబాలున్నాయి, ప్రార్థనామందిరం ఉంది. మీ తెనాలికి దగ్గరే. వాళ్లలో ఎక్కువమంది కూలి చేసుకుని బతికినవాళ్లు. పేపర్లో ఆ హెడ్డింగు వాళ్లూ చదువుతారు.

కాబట్టి నేనైతే రాయను. మీ కథలో చదువుకున్న పాత్ర ఒకరు కోపంలో ఆ మాట అంటే కొట్టేయమని చెప్పలేను, పాత్ర నోరు పాత్రదే. కథ పేరు మాత్రం మీ మాట కదా, మార్చండి. ఆ రోజువడ్డీ ఆయన్ను మీ ఊరివాళ్లు చాటుగా ఏదో ఒక పేరుతో పిలిచే ఉంటారు. గుర్తు చేసుకుని అదే పెట్టండి.