తప్తపాణికి నాన్నని తీసుకొస్తున్నావట

అమ్మలూ,

నిన్న రాత్రి మా తమ్ముడు, అదే మీ నాన్న, ఫోన్ చేసి, సంక్రాంతి వెళ్లాక మీరందరూ ఇక్కడ ఒడిశాలో వేడినీటి గుండం ఉన్న తప్తపాణికి వస్తున్నారని చెప్పాడు. ప్రాణం లేచొచ్చింది. ఆ వేడినీళ్లలో కాళ్లు పెడితే తిమ్మిర్లు పోతాయని ఎవరో చెప్పారట వాడికి. ఆ మాట విన్నాక మాత్రం నాకు నిద్ర పట్టలేదు.

ఐదేళ్ల కిందట మీ మావయ్య కూడా అలాగే అనుకున్నారు. గుండం నీళ్లు బకెట్లో పట్టుకుని, పాదాలు ముంచి కూర్చున్నారు. "హాయిగా ఉందే" అన్నారు. ఎంత వేడిగా ఉన్నాయో చూద్దామని చెయ్యి పెట్టి, చటుక్కున లాక్కున్నాను. అప్పటికే పాదాలు ఎర్రగా కందిపోయాయి. సాయంత్రానికి కుడి బొటనవేలి పక్కన నిమ్మకాయంత బొబ్బ. ఆయనకి నొప్పే తెలీలేదు. ఆ పుండు మానేసరికి మూడు నెలలు పట్టింది. పక్కనే ఉండి ముందే చూడకపోయానే అని ఇప్పటికీ అనిపిస్తుంది.

షుగరు ఏళ్ల తరబడి ఉంటే కాళ్ల నరాలు మొద్దుబారతాయి. తిమ్మిర్లున్న కాలికి వేడి తెలీకపోవచ్చు. కాబట్టి నీళ్లు నువ్వు చూడు, పసిపిల్లలకి పోసేముందు చూసినట్టు మోచేత్తో. గోరువెచ్చగా అయ్యేదాకా చన్నీళ్లు కలుపు. నాన్న "పర్లేదు" అంటే నమ్మకు. కాళ్లకి చిన్న పగులున్నా ఆ రోజుకి నీళ్లలో పెట్టనివ్వకు. అయ్యాక వేళ్ల సందులు పొడిగా తుడిచి, పాదం అడుగు కూడా వెలుతుర్లో చూడు.

నీకైనా, మీ ఆయనకైనా పది నిమిషాలు చాలు. వేడికి రక్తనాళాలు సడలి బీపీ పడిపోతుంది, గబుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి. మెల్లగా లేచి, మంచినీళ్లు తాగి కూర్చోండి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు ముందే డాక్టర్ని అడగాలి. బాబుని తల ముంచనివ్వకు. వెచ్చని నీళ్లలో బతికే ఒక అమీబా ముక్కులోంచి మెదడుకి ఎక్కుతుంది. కేరళ కేసులు పేపర్లో చూసే ఉంటావు. అరుదే, కానీ సోకితే ప్రాణాల మీదికే.

ఆ నీళ్లని కింద ఎవరు కాస్తున్నారని బాబు తప్పకుండా అడుగుతాడు. అక్కడ అగ్నిపర్వతం ఏమీ లేదని చెప్పు. కొండల మీద పడ్డ వాన రాతి పగుళ్లలోంచి లోతుకి దిగుతుంది. భూమిలోకి కిలోమీటరు దిగితే వేడి సుమారు 25, 30 డిగ్రీలు పెరుగుతుంది. అలా కాగిన నీళ్లు వేరే పగులు దొరికిన చోట చల్లారకముందే పైకి వచ్చేస్తాయి. దార్లో గంధకం కలుస్తుంది, అందుకే ఆ కుళ్లిన గుడ్డు వాసన. వెండి పట్టీలు మా ఇంట్లో తీసిపెట్టి వెళ్లు. నావి ఒక్క పూటలో నల్లబడ్డాయి.

గుండం పక్కనే కంధి అమ్మవారి గుడి. మొక్కుకున్న ఆడవాళ్లు దూరాల నుంచి వస్తారు, వాళ్లకి అడ్డు రాకుండా ముందు దణ్ణం పెట్టుకుని పక్కకి రండి. పొద్దున్నే అయితే రద్దీ తక్కువ, నీళ్ల మీద ఆవిరి లేవడం కూడా కనిపిస్తుంది. బరంపురం నుంచి దిగపహండి మీదుగా యాభై కిలోమీటర్లు, చివర ఘాట్. బాబుకి వాంతులవుతాయేమో, నిమ్మకాయ పట్టుకో. ఓపికుంటే అదే దారిలో చంద్రగిరి దాకా వెళ్లి టిబెట్ వాళ్ల పెద్ద మఠం చూడండి. 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు.

ఏ బండికి వస్తున్నారో ఇచ్ఛాపురం దాటాక ఫోన్ చెయ్యి, మావయ్య స్టేషనుకి వస్తారు. ఆ బొబ్బ సంగతి ఆయన ముందు ఎత్తకు, తమ్ముడికి మాత్రం ఈ ఉత్తరం చదివి వినిపించు.

మీ అత్త