నెల్లూరులో హాలోవీన్ రాత్రి: ఏ సినిమా, ఏ మెటల్, ఏ వరసలో?

అడిగిన ప్రశ్న ఇది: “నెల్లూరులో ఉంటాం. పాశ్చాత్యుల దెయ్యాల పండగ హాలోవీన్ కదా, అక్టోబర్ 31 రాత్రి ఆరుగురం కలిసి మేడ మీద ప్రొజెక్టర్ పెట్టుకుని హారర్ సినిమాలు చూద్దామనుకుంటున్నాం. హెవీ మెటల్, అదే గిటార్ల బరువైన మోతతో సాగే రాక్ సంగీతం, కూడా వినాలని ఉంది కానీ మాలో ఎవరికీ అలవాటు లేదు. ఏవి పెట్టుకోమంటారు?”

ముందు మేడ సంగతి తేల్చుకుందాం. వద్దు. దేశంలో చాలా చోట్ల అక్టోబర్ చివరికి వానలు వెనక్కి పోతాయి, మనకు అప్పుడే మొదలు. నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో ఎక్కువ భాగం ఈశాన్య రుతుపవనాలతోనే పడుతుంది. అయినా ఆ రోజు మబ్బు లేదు కదా అని సామానంతా పైకి ఎక్కిస్తారు. ఆ తర్వాత ఎట్టా చెడుతుందో వరసగా చెప్పగలను. ఆరున్నరకి పిట్టగోడకు తెల్ల దుప్పటి కడతారు. ఏడింటికల్లా ఉసిళ్లు. ముందు రోజు నేల తడిసి ఉంటే మరీనూ, వీధి దీపాలన్నీ వదిలేసి మీ ప్రొజెక్టర్ వెలుగులోకే వచ్చి పడతాయి. లెన్సుకు జానెడు దూరంలో ఎగిరే ఒక్క పురుగు తెర మీద గద్దంత కనపడుతుంది. రాలిన రెక్కలు గాలి పీల్చుకునే జాలీలో ఇరుక్కుని ప్రొజెక్టర్ వేడెక్కి దానంతటదే ఆగిపోతుంది. దాన్ని దులిపి మళ్లీ పెట్టేసరికి గాలి లేచి దుప్పటి బుడగలా ఉబ్బుతుంది, హంతకుడి ముఖం గుమ్మడికాయంత అవుతుంది, అందరూ నవ్వుతారు. ఒక్కసారి నవ్వు పడిందంటే ఆ రాత్రికి ఇక భయం రాదు. ఇంతలో పది గంటలు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. పక్కింటి పెద్దాయన గోడ మీద నుంచి తొంగి చూస్తాడు, ఆయనది తప్పు కాదు. చివరికి నాలుగు చినుకులు పడతాయి, వైర్లు చుట్టుకుని అందరూ మెట్లు దిగుతారు.

హాల్లో పెట్టుకోండి. తలుపులు వేసి, టీవీ అయినా సరే.

ఇప్పుడు అసలు మాట. హారర్‌కి కన్ను కాదు ముఖ్యం, చెవి. 1978లో జాన్ కార్పెంటర్ తీసిన ‘హాలోవీన్’ను సంగీతం వేయకముందు ఒక స్టూడియో అధికారికి చూపిస్తే ఆమెకు అసలు భయమే వేయలేదు. తర్వాత ఆయనే కూర్చుని ఆ పియానో వరస కట్టాడు. అది ఐదు దెబ్బల లెక్క. మన వాళ్లకు చెప్పాలంటే తకిట తకిట తక తక, మూడు మూడు రెండు రెండు, మొత్తం పది, అంటే దెబ్బకు రెండు చొప్పున ఐదు. నాలుగు దెబ్బల పాటలకు అలవాటు పడిన కాలు ప్రతి ఆవృతంలోనూ ఒక మెట్టు తప్పి పడినట్టు అవుతుంది. ఖండ నడక విన్న చెవికి లెక్క వెంటనే దొరుకుతుంది, అయినా జంకు పోదు. తొడ మీద తాళం వేస్తూ చూడండి, సినిమాలోని ముసుగు హంతకుడు రోడ్డుకు అవతల నిలబడ్డ చోట మీ చెయ్యి ఆగుతుంది. ఆ ముసుగు మామూలు దుకాణంలో రెండు డాలర్ల లోపు కొన్న ‘స్టార్ ట్రెక్’ సీరియల్లోని కెప్టెన్ కర్క్ ముసుగు, తెల్ల రంగు కొట్టారంతే. డబ్బుతో భయం రాదని ఇంతకంటే రుజువేం కావాలి?

మన హారర్ కామెడీల మీద నా కోపం ఇక్కడే. దెయ్యం కంటే ముందు చెవులు పగిలే శబ్దం వస్తుంది, వెంటనే కమెడియన్ కేక వేస్తాడు. అది ఉలిక్కిపాటు. వెనక నుంచి ఎవరైనా స్టీలు బిందె పడేసినా వచ్చేది అదే.

మెటల్‌కి కూడా ఇదే సూత్రం. కొత్తవాళ్లు చేసే తప్పు, పేరు విన్న వాటిలో అన్నిటికంటే వేగంగా, అన్నిటికంటే గట్టిగా అరిచేది ముందు పెట్టుకోవడం. పది నిమిషాల్లో తలనొప్పి, జీవితాంతం విరక్తి. నెమ్మదిగా, గొంతు స్పష్టంగా వినపడేవి ముందు వినాలి. ఇంగ్లండ్ బ్యాండ్ బ్లాక్ సబ్బత్ మొదటి ఆల్బమ్‌తో మొదలుపెట్టండి. 1970 ఫిబ్రవరి 13న, శుక్రవారం నాడు వచ్చింది. బర్మింగ్‌హామ్ కుర్రాళ్లు. వాళ్లు సాధన చేసే చోటికి ఎదురుగా ఉన్న సినిమా హాల్లో 1963 నాటి ఇటాలియన్ హారర్ సినిమా ఆడుతోంది, ఇంగ్లీషులో దాని పేరు ‘బ్లాక్ సబ్బత్’. జనం డబ్బులిచ్చి మరీ భయపడటానికి వెళ్తున్నారు, మనం సంగీతంతో ఆ పని ఎందుకు చేయకూడదు అనుకున్నారు. మీరడిగిన రెండు విషయాలూ ఒకే వీధిలో పుట్టాయన్నమాట.

గిటార్ వాయించే టోనీ అయోమీ పదిహేడేళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆఖరి రోజు డ్యూటీలో మిషన్ కింద పడి కుడి చేతి రెండు వేళ్ల కొనలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం మనిషి కాబట్టి తీగలు నొక్కేది ఆ వేళ్లతోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, జారకుండా పైన తోలు అంటించాడు, తీగలు సన్నవి వేసుకున్నాడు. 1971 ఆల్బమ్ నుంచి శ్రుతిని మూడు మెట్లు కిందికి దించాడు, తీగ వదులైతే నొక్కడం సులువు. ఆ వదులు తీగల బరువైన మోతనే ఆ తర్వాత లెక్కలేనన్ని బ్యాండ్లు కాపీ కొట్టాయి.

ఆ మొదటి ఆల్బమ్ మొదటి పాట అసలు వరసలో ఉన్నది మూడే స్వరాలు. కింది షడ్జం, పై షడ్జం, తర్వాత ప్రతి మధ్యమం. ఇంట్లో హార్మోనియం ఉంటే ఏదో ఒక మెట్టు నొక్కి, నల్లవీ తెల్లవీ కలిపి లెక్కపెట్టుకుంటూ ఆరు మెట్లు పైకి వెళ్లండి, అదే. పాశ్చాత్యులు దీన్ని సంగీతంలో దెయ్యం అన్నారు. మనకు కల్యాణిలోనూ పంతువరాళిలోనూ రోజూ వినపడేదే, ఎవరూ జడుసుకోరు. ఎందుకంటే మన దగ్గర అది పంచమం మీదకో గాంధారం మీదకో వెళ్లి కుదురుకుంటుంది. అయోమీ దాన్ని ఎక్కడికీ పోనివ్వడు. అక్కడే నిలబెట్టి వణికిస్తాడు, మళ్లీ మొదటికి వస్తాడు. దెయ్యం స్వరంలో లేదు, ఇంటికి చేరనివ్వకపోవడంలో ఉంది.

ఇక వరస. మొదటి ఆట ‘నోస్ఫెరాటు’, 1922 నాటి జర్మన్ మూకీ. హక్కులు తీసుకోకుండా డ్రాక్యులా కథ వాడుకున్నారని రచయిత భార్య కోర్టుకెక్కితే ప్రింట్లన్నీ తగలబెట్టమని తీర్పు వచ్చింది, కొన్ని ఎలాగో మిగిలాయి. పునరుద్ధరించిన ప్రతి 94 నిమిషాలు ఉంటుంది, అదే వెతుక్కోండి, గంట చిల్లర ఉన్నవి వేగం పెంచినవో కత్తిరించినవో. మూకీ కాబట్టి టీవీ శబ్దం తీసేసి మెటల్ పెట్టొచ్చు. సబ్బత్ మొదటి ఆల్బమ్ 38 నిమిషాలు. దాని వెంటనే స్వీడన్ బ్యాండ్ కాండిల్‌మాస్ 1986 ఆల్బమ్ ‘ఎపికస్ డూమికస్ మెటాలికస్’, సుమారు 43 నిమిషాలు. డూమ్ మెటల్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఇది వినిపిస్తే చాలు, శవయాత్ర అంత నిదానం, గొంతు మాత్రం నాటకం పద్యంలా నిండుగా ఉంటుంది. అక్కడికి 81 నిమిషాలు. ఇంకా 13 మిగులుతాయి. హెలోవీన్ అనే జర్మన్ బ్యాండుకు 1987లో ‘హాలోవీన్’ అనే పాట ఉంది, పదమూడు నిమిషాల పైచిలుకు, లెక్క అతికినట్టు సరిపోతుంది. కానీ పెట్టకండి, అది మరీ హుషారు. ఆ పదమూడు నిమిషాలూ ఏ పాటా లేకుండా వదిలేయండి. గంటన్నర గిటార్ మోత తర్వాత ఒక్కసారిగా ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేని గదిలో పొడుగు గోళ్ల రక్తపిశాచి నీడ మెట్లెక్కుతుంటే ఎవరూ బొరుగుల బేసిన్‌లో చెయ్యి పెట్టరు.

పాటలు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. పాటల యాప్ ఉచిత ఖాతాలో సరిగ్గా ఆ నీడ దగ్గరే బనియన్ల ప్రకటన వస్తుంది. రెండు పాటల్ని కలిపేసే క్రాస్‌ఫేడ్ ఆపేయండి.

తొమ్మిదికి తిండి. చిప్స్ ప్యాకెట్లు మాత్రం వద్దు, గుసగుసల సీనులో ఆ గరగర కంటే ఘోరం లేదు. బొరుగులు కలిపి బేసిన్లో పోసి మధ్యలో పెట్టండి. హాలోవీన్ ఆనవాయితీ కదా, గుమ్మడికాయను దెయ్యం ముఖంలా చెక్కుదామని ఎవరో ఒకరు అంటారు. మన ఉక్కకు చెక్కిన కాయ రెండో రోజుకే బూజు పడుతుంది. గుమ్మానికి దిష్టిబొమ్మ ఎటూ ఉంది, నాలుక బయటపెట్టి, కోరమీసంతో, దానికంటే బాగా ఎవరు చెక్కగలరు?

తిన్నాక ‘హాలోవీన్’, 91 నిమిషాలు, పదకొండున్నరకి అయిపోతుంది. ఆఖరి ఆటకి బయట వాన ఉంటే ‘తుంబాడ్’, 2018, హిందీ, 104 నిమిషాలు. సినిమా పొడుగునా తడి, బురద, వాన. ఎండాకాలంలో చూస్తే సగం పోతుంది. దానికి ‘ఎ’ సర్టిఫికెట్ ఉంది, పిల్లలు మెలకువగా ఉంటే ఆపేయండి. వాన లేకపోతే రాంగోపాల్ వర్మ ‘రాత్రి’, 1992. రేవతి అందులో చేసిన పని చూసి, మరో రోజు 2022లో వచ్చిన మలయాళం ‘భూతకాలం’ చూడండి. ముప్పై ఏళ్ల తేడాతో ఒకే నటి, అక్కడ కూతురు, ఇక్కడ తల్లి. ఈ మధ్య తెలుగులో నవ్వించకుండా భయపెట్టినది ‘మసూద’, అదీ 2022దే, కాకపోతే చాలా పొడుగు, మూడో ఆటగా వేస్తే సగం మంది గురకపెడతారు.

సామాను సంగతి. హారర్ ఎక్కువగా పాడయ్యేది రిమోట్ వల్ల. గుసగుసలు వినపడట్లేదని పెంచుతారు, అరుపు రాగానే తగ్గిస్తారు, ఇదే రాత్రంతా. మొదటి సంభాషణ వచ్చినప్పుడు, పక్కన కూర్చున్న మనిషి మాట్లాడినంతగా వినపడేలా పెట్టి రిమోట్ బీరువాలో దాచేయండి. సౌండ్‌బార్‌లో నైట్ మోడ్ ఉంటే తీసేయండి, అది చిన్న శబ్దాన్నీ పెద్ద శబ్దాన్నీ ఒకే మట్టానికి తెస్తుంది. చుట్టుపక్కల పసిపిల్లలుంటే మాత్రం ఉంచుకోక తప్పదు. ఊఫర్‌ని మూలకు నెట్టకండి, రెండు గోడలూ కలిసి మోతను ఉబ్బిస్తాయి, మెటల్‌లో గిటార్ ఏదో బేస్ ఏదో తెలియకుండా పోతుంది. రెండడుగులు ఇవతలికి లాగండి. గ్రానైట్ నేల, ఖాళీ గోడలు ఉన్న హాల్లో చప్పట్లు కొట్టి చూడండి, టంగుమంటే నేల మీద బొంతలు పరవండి.

సినిమాకి బ్లూటూత్ స్పీకర్ వాడొద్దు. శబ్దం సెకనులో పదో వంతో ఐదో వంతో ఆలస్యమవుతుంది, కత్తి దిగాక కేక వస్తుంది. వైరుతో కలపండి. మూకీకి ఈ బాధ లేదు. టీవీలో రంగులు ముదిరించే వివిడ్ మోడ్, కదలికల్ని నున్నగా చేసే మోషన్ స్మూతింగ్ రెండూ ఆపి సినిమా మోడ్ పెట్టండి, లేకపోతే 1978 సినిమా కూడా సీరియల్‌లా కనపడుతుంది. చీకటి సీన్లలో నల్లటి చోట పలకలు పలకలుగా కనపడితే అది టీవీ జబ్బు కాదు, నెట్ చాలట్లేదు, పగలే దించి పెట్టుకోండి. టీవీ వెనక ఒక జీరో బల్బు వెలిగితే కళ్లకు హాయి.

వాన గట్టిపడితే కరెంటు పోవచ్చు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద యాంప్లిఫయర్ గుయ్యిమంటుంది, నెమ్మదిగా సాగే సినిమాలో అది భరించలేం. ఇన్వర్టర్ అదే రకమైతే ఛార్జింగ్ నింపిన ల్యాప్‌టాప్ ఒకటి పక్కన ఉంచుకోండి. లేదా సినిమా అక్కడే ఆపేసి, ఫోను లైట్లు వేయకుండా, బ్యాటరీ ఉన్న బ్లూటూత్ స్పీకర్‌లో సబ్బత్ మొదటి పాట మళ్లీ పెట్టండి. అది వానతోనే మొదలవుతుంది, దూరంగా ఉరుము, ఆగి ఆగి మోగే చర్చి గంట. గంట మొదటిసారి మోగేదాకా ఏ వాన కిటికీ బయటిదో ఏది స్పీకర్‌లోదో ఎవరూ చెప్పలేరు.