నాన్న నోట సాఫ్ట్‌వేర్ మాట

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. మాది తెనాలి. పుణెలో రేడియో ఖగోళశాస్త్రంలో పీహెచ్‌డీ పూర్తి కావస్తోంది. జర్మనీలో రెండేళ్ల పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగం) వచ్చింది. చిన్నప్పుడు డాబా మీద సప్తర్షి మండలం చూపించిన నాన్నే ఇప్పుడు నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నానని అందరికీ చెబుతున్నారు. నాకు రాత్రి డ్యూటీలుంటాయని ఆయన భయం. మొన్న పెళ్లిచూపుల్లోనూ అదే చెప్పారు. నేను తలొంచుకుని కూర్చున్నాను. జర్మనీ వెళ్లాలా, హైదరాబాద్‌లో డేటా సైన్స్ ఉద్యోగం చూసుకోవాలా?

జవాబు: వెళ్లండి. పోస్ట్‌డాక్ చేయకుండా పరిశోధన సంస్థల్లో స్థిరమైన ఉద్యోగం దొరకడం కష్టమని మీకు తెలుసు. డేటా సైన్స్‌లోకి రెండేళ్ల తర్వాతైనా వెళ్లొచ్చు. దీనికి నా సలహా అక్కర్లేదు.

పెళ్లిచూపుల్లో ఎందుకు ఊరుకున్నారు? నాకు బాధ కలిగించింది అదే. ఆ మాట మీద సంబంధం కుదిరితే, మీ పనేమిటో తెలియని ఇంట్లో అడుగుపెడతారు. నాన్న పరువు కాపాడటం కూతురి బాధ్యతే, కాదనను. కానీ కూతురు తన చదువును దాచుకుని కాపాడాల్సిన పరువు ఏ తండ్రికీ ఉండదు.

ఆయనకు మీరంటే చిన్నచూపని నేననుకోను. ‘మీ అమ్మాయి ఏం చేస్తోంది?’ అని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఆయన దగ్గర మాటల్లేవు. ఇన్నేళ్లలో మీరు ఇచ్చారా? రాత్రి డ్యూటీలని ఆయన భయపడుతుంటే, ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను పట్టే రేడియో టెలిస్కోపు పగలూ పనిచేస్తుందని, మీ పని చాలావరకు కంప్యూటర్ ముందేనని చెప్పారా? పీహెచ్‌డీ పరిశోధకులకు ఇచ్చే సీనియర్ ఫెలోషిప్ నెలకు 42,000 రూపాయలని, ఇంటద్దె భత్యం వేరని చెప్పారా? ఆ డబ్బును ‘స్టైపెండ్’ అంటే ఇంట్లో జేబుఖర్చు అనుకుంటారమ్మా.

మన హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసిన తండ్రి దగ్గర పెరిగిన ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు, 1949లో హార్వర్డ్‌లో చదువుతూ ఒక తోకచుక్కను కనిపెట్టారు. ఆయనకు ఇంట్లోనే ఖగోళశాస్త్రం భాష ఉంది. మీ ఇంట్లో ఆ మొదటి అక్షరం డాబా మీద దిద్దించింది మీ నాన్నగారే. తర్వాతిది మీరు ఆయనకు నేర్పాలి.

జర్మనీ వెళ్లేలోపు అమ్మానాన్నలను పుణె పిలిపించండి. నారాయణ్‌గావ్ దగ్గర ఖోడద్‌కు తీసుకెళ్లండి. అక్కడి జీఎంఆర్‌టీ అనే పెద్ద రేడియో టెలిస్కోపులో ఒక్కో డిష్ వ్యాసం 45 మీటర్లు, అలాంటివి మొత్తం 30. ఫిబ్రవరి 28న, సైన్స్ దినోత్సవానికి అందరినీ రానిస్తారు. మీ గైడ్‌ను పరిచయం చేయండి. అమ్మను పక్కన పెట్టొద్దు, సంబంధాలవాళ్లతో ముందు మాట్లాడేది ఆవిడే కదా.

వచ్చే పెళ్లిచూపుల్లో మాత్రం నాన్న చెప్పేదాకా ఆగకండి. ‘నేను ఖగోళశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను, రెండేళ్లు జర్మనీలో ఉంటాను’ అని మీరే చెప్పండి. లేచి వెళ్లేవాళ్లను వెళ్లనివ్వండి.