మూడో లైను వేస్తున్నారు, ప్రజాభిప్రాయ సేకరణ ఏది?

ప్రశ్న: ఘట్‌కేసర్ నుంచి యాదాద్రి దాకా ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ళ పొడిగింపు కోసం మూడో లైను వేస్తారంటున్నారు. పట్టాల పక్కనే మాకు ముప్పావు ఎకరం పొలం, ఇల్లు ఉన్నాయి. మొన్న సర్వే వాళ్ళు వచ్చి మా ప్రహరీకి, కొబ్బరిచెట్టుకి ఎర్ర రంగు గుర్తులు పెట్టి వెళ్ళారు. పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ మాత్రం ఎక్కడా పెట్టలేదు. టొరంటోలో ఉన్న మా అబ్బాయి, అక్కడ 'గో' అనే లోకల్ రైళ్ళ లైన్లు పెంచేముందు చుట్టుపక్కల వాళ్ళకి నోటీసులిచ్చి మీటింగులు పెడతారని చెప్పాడు. ఇక్కడ పెట్టకపోవడం చట్టవిరుద్ధం కాదా? కోర్టుకి వెళ్తే పని ఆగుతుందా?

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమే. టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్రంలో ఇలాంటి రైలు ప్రాజెక్టులకి ప్రత్యేక పద్ధతి ఉంది. 120 రోజుల్లో జనంతో సంప్రదించి నివేదిక రాయాలి, దాన్ని 30 రోజులు అందరికీ అందుబాటులో ఉంచి అభ్యంతరాలు తీసుకోవాలి. మన దగ్గర రైలుకి ఆ ఏర్పాటు లేదు. ప్రజాభిప్రాయ సేకరణ జరపాలని చెప్పేది 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్. దాని జాబితాలో విమానాశ్రయాలు, ఓడరేవులు, హైవేలు ఉన్నాయి, రోప్‌వేలు కూడా ఉన్నాయి. రైలు మార్గం లేదు. కొండ మీదికి తీగల మీద వెళ్ళే డబ్బాకి అనుమతి కావాలి, ఊళ్ళని చీల్చుకుంటూ పోయే పట్టాలకి అక్కర్లేదు! నా మటుకు ఇది సరైన పద్ధతి కాదు. కానీ చట్టం ఇవాళ్టికి ఇలాగే ఉంది కాబట్టి, 'సభ పెట్టలేదు' అన్న ఒక్క కారణంతో హైకోర్టుకి వెళ్తే మీ కేసు నిలబడదు.

అలాగని రైల్వే అన్ని చట్టాలకీ అతీతం కాదు. గోవా సరిహద్దులో తినైఘాట్-కులెం మధ్య రెండో లైను అభయారణ్యం గుండా వెళ్తోంది. దానికి జాతీయ వన్యప్రాణి బోర్డు కమిటీ ఇచ్చిన అనుమతిని 2022 మే నెలలో సుప్రీంకోర్టు రద్దు చేసింది. అక్కడ అభయారణ్యం ఉంది కాబట్టి ఆ దారి దొరికింది. మీకు వేరే దారులున్నాయి.

మీకు అన్నిటికంటే ముఖ్యమైనది భూసేకరణ నోటిఫికేషన్. రైల్వే చట్టం కింద 'ప్రత్యేక రైల్వే ప్రాజెక్టు' అని ప్రకటించి భూమి తీసుకుంటే సెక్షన్ 20ఎ నోటిఫికేషన్ వస్తుంది. దాని సారాంశం రెండు స్థానిక పత్రికల్లో వేయాలి, ఒకటి ప్రాంతీయ భాషలో ఉండాలి. 20ఎ నోటిఫికేషన్ ప్రచురించిన రోజు నుంచి 30 రోజుల్లోపు సెక్షన్ 20డి కింద రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. మిమ్మల్ని స్వయంగా గానీ లాయరు ద్వారా గానీ వినాలి. మన చట్టంలో జనం మాట వినాల్సిన చోటు ఇదే, అదీ భూమిలో హక్కున్న వాళ్ళకే.

ఒక పెద్దాయన ఇదే పని మీద నా దగ్గరికి వచ్చారు. చేతిలో పేపరు ముక్క, టెండరు ప్రకటనల కింద చిన్న అక్షరాల్లో సర్వే నంబర్లు. అల్లుడు చూసి చెప్పేదాకా ఆయనకి తెలియదు. తారీఖు లెక్కేస్తే 41వ రోజు. తర్వాత ఎంత తిరిగినా పరిహారం గురించి మాట్లాడగలిగాం తప్ప అలైన్‌మెంట్ (లైను ఏ దారిన పోవాలన్నది) గురించి నోరు విప్పలేకపోయాం. సెక్షన్ 20ఇ ప్రకటన వచ్చిందంటే భూమి కేంద్ర ప్రభుత్వానికి దఖలు పడినట్టే. కాబట్టి ఎర్ర రంగు చూసి టెన్షన్ పడటం మాని, రోజూ పేపరు చూడండి, ఆర్డీవో ఆఫీసులో వాకబు చేయండి.

అభ్యంతరంలో 'మా భూమి ఇవ్వం' అని ఒక్క ముక్క రాసి ఊరుకోకండి. నీళ్ళ గురించి రాయండి. కట్ట వెడల్పు చేసి, పాత కల్వర్టుని అలాగే వదిలేస్తే వాన నీళ్ళు ఎటు పోతాయి? పట్టాలకి ఆనుకుని ఉన్న భూముల వాళ్ళ కోసం దారులు, కల్వర్టులు, కాలువలు కట్టే బాధ్యత రైల్వే చట్టం సెక్షన్ 16 రైల్వే మీదే పెట్టింది. భూమి పోకుండా పక్కన మిగిలిపోయే మీ పొరుగువాళ్ళకి 20డి పనికిరాదు గానీ ఈ సెక్షన్ పనికొస్తుంది. పనుల వల్ల పంట పాడైతే మామూలు దావా వేయలేరు. అదే చట్టం సెక్షన్ 15 ప్రకారం రైల్వే నష్టం చెల్లించాలి, మొత్తం దగ్గర పేచీ వస్తే జిల్లా జడ్జి తేలుస్తారు.

కట్టకి పోసే మట్టి ఎక్కడిదో కూడా అడగండి. రోడ్లు, పైపులైన్ల లాంటి పొడవాటి ప్రాజెక్టుల కోసం మామూలు మట్టి తవ్వుకోవడానికి పర్యావరణ అనుమతి అక్కర్లేదంటూ 2020లో ఇచ్చిన మినహాయింపుని సుప్రీంకోర్టు 2024 మార్చిలో కొట్టేసింది. ఆ తర్వాత నిబంధనలు మారాయి కాబట్టి తవ్వే రోజున ఏ రూలు ఉందో చూడాలి. చెట్లు కొట్టాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. ఈ కాగితాలన్నీ సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దక్షిణ మధ్య రైల్వేని, అటవీ శాఖని విడివిడిగా అడగండి. జవాబుకి 30 రోజులు పడుతుంది కాబట్టి నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకుండా ఈ వారమే పంపండి. పర్యావరణ అనుమతి లేకుండా మట్టి తవ్వినట్టు తేలితే పర్యావరణ కేసులు చూసే చెన్నైలోని హరిత ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు, గడువు ఆరు నెలలు.

పరిహారం సంగతి. 2013 భూసేకరణ చట్టంలోని సామాజిక ప్రభావ అంచనా రైల్వే సేకరణకి వర్తించదు. కానీ పరిహారం, పునరావాసం నిబంధనలు 2015 సెప్టెంబరు 1 నుంచి వర్తిస్తున్నాయి. ఇంటి గోడ ఎంతవరకు మీ పట్టా భూమిలో ఉంది, ఎక్కడి నుంచి రైల్వే హద్దులోకి వెళ్ళింది అన్నది ముందే కొలిపించుకోండి. హద్దు దాటిన మేరకి పైసా రాదు. కొలతల రోజు మీరు అక్కడే ఉండి, బోరు, ప్రహరీ, చెట్లు అన్నీ పంచనామాలో ఎక్కాయో లేదో చదివి సంతకం పెట్టండి. గుర్తు పెట్టిన ఆ కొబ్బరిచెట్టుకీ విలువ కడతారు. దాని వయసెంతో, ఏడాదికి ఎన్ని కాయలు కాస్తుందో ఇప్పుడే రాసి పెట్టుకోండి.